ఒంటి తుమ్ము

పేరంటాలమ్మగారి ఇంట్లో తుమ్ముకి ఉన్నంత మర్యాద మనిషికి ఉండదు. ఎవరైనా గడప దాటబోతుండగా ఒక్క తుమ్ము వినబడిందంటే ఇక అంతే సంగతులు. చెప్పుల్లో పెట్టిన కాలు వెనక్కి తీసుకోవాలి, లోపలికొచ్చి కూచోవాలి, గ్లాసుడు మంచినీళ్ళు తాగాలి, ఆవిడ "ఇహ బయల్దేరు" అనేదాకా కదలకూడదు. రెండు తుమ్ములైతే శుభమే, నిక్షేపంగా వెళ్ళచ్చు. చిక్కల్లా ఒంటి తుమ్ముతోనే. ఆ తుమ్మింది ఎవరన్నది ఆవిడకి అనవసరం.

"పిల్లి తుమ్మితే నేనాగడమేంటి అత్తయ్యా? బస్సు పోద్ది" అంది కోడలు వకుళ, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడి.

"తుమ్ముకి కులగోత్రాలుంటాయేంటమ్మా? కూచో. ఇది పోతే ఇంకో బస్సు."

చెప్పుల స్టాండు మీద పడుకున్న బుడంకాయ, తుమ్మిన ముక్కుని ముందుకాలితో తుడుచుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది. బూడిదరంగు ఒంటిమీద నల్లటి చారలు, గుండ్రటి పొట్ట. ఆ వాలకం చూసే చార్వి దానికి ఆ పేరు పెట్టింది. చార్వి వకుళకి ఒక్కతే కూతురు, పదకొండేళ్ళది. వకుళ మంచినీళ్ళు తాగుతుండగానే ఆ పిల్ల డాబా మీంచి రెండేసి మెట్లు ఒక్క అంగలో దూకుతూ దిగి, ఆరిన యూనిఫాం నానమ్మ ఒళ్ళోకి విసిరి, మళ్ళీ పైకి పరుగెత్తింది. వకుళ గ్లాసు నోటి దగ్గరే ఆపి చెవులు రిక్కించింది. పిల్లికూతలు లేవు. ఈల లేదు. గచ్చు మీద పాదాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పిల్లికూతలంటే బుడంకాయవి కావు. కిందటేడు దాకా చార్వి ఛాతీలోంచి వచ్చేవి. ఉబ్బసం వాళ్ళ ఇంటి సొత్తు. పేరంటాలమ్మగారికి ఉండేది, ఆవిడ కొడుకు దాసుకి చిన్నప్పుడు ఉండేది, మనవరాలి దగ్గరికి వచ్చేసరికి వడ్డీతో సహా వచ్చింది. కిందటేడు సంక్రాంతి ముందు చలికి పిల్ల పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. ఆసుపత్రిలో రెండు రోజులు గొంతులో గొట్టం వేసి ఉంచారు. దాసు అప్పుడు సముద్రం మధ్యన గ్యాస్ తీసే రిగ్గు మీద ఉన్నాడు, ఒడ్డుకి వచ్చేసరికి మూడో రోజయింది. "ఈసారికి గట్టెక్కిందమ్మా. ఇంకోసారి ఇలా వస్తే మాత్రం నేను మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. ఆ మాట వకుళ గుండెలో మేకులా దిగబడిపోయింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే బుడంకాయ ఇంటికొచ్చింది. ఇంకో నెలకి ఇన్హేలరు అలమరలో దుమ్ము కొట్టుకుపోయింది. అంతా దేవుడి దయ అనుకున్నారు పేరంటాలమ్మగారు. అందులో దేవుడి పాలెంతో వకుళకి తెలియదు గాని, పిల్లి పాలు ఎంతో మాత్రం తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు.

*

వకుళ పని చేసేది ఉప్పాడ దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రాణద ప్రయోగశాలలో. జంతువుల జబ్బులకి టీకాలు తయారు చేస్తారక్కడ. వీధిపిల్లులకి జలుబులాంటి రోగమొకటి వచ్చి వందలకొద్దీ చచ్చిపోతుంటే, డాక్టర్ రత్నంగారికి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళో ఉన్న ప్రతి పిల్లినీ పట్టుకుని సూది వేయడం ఎవరి తరం? పిల్లిని పట్టుకోవడమంటే మాటలా? అందుకని రోగంలాగే అంటుకునే టీకా చేద్దామన్నారు. ఒక పిల్లికి ఎక్కిస్తే చాలు, అది తుమ్మిన చోటల్లా పక్క పిల్లులకి చేరుతుంది. పిల్లి జలుబు వైరస్‌నే తీసుకుని, దాని కోరలు పీకి, కొత్త గుణం ఒకటి కుట్టిపెట్టారు.

ఆ కొత్త గుణాన్ని రత్నంగారు కాపలావాడి కథలా చెప్పేవారు. "ఊపిరితిత్తుల గుమ్మంలో ఒక కాపలావాడు ఉంటాడమ్మా. రోగం వస్తే గోల చేస్తాడు. ఈ పిల్లుల జబ్బులో రోగం కంటే వాడి గోలే ప్రాణం తీస్తోంది. మన వైరస్ వాడి పక్కన కూచుని జోకొడుతుంది."

ఆరు పిల్లులకి ఎక్కించారు. పిల్లులు బతికాయి గాని ముక్కులో వైరస్ శాశ్వతంగా తిష్ఠ వేసింది. రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కొక్కటిగా తుమ్ముతూనే ఉన్నాయి. కుందేళ్ళ మీద, ఎలుకల మీద చూస్తే అది మూడు వారాలు ఉండి పోతోంది, వాటినుంచి వేరేవాటికి అంటడం లేదు. అయినా రత్నంగారికి అనుమానం తీరలేదు. "జోకొట్టేది పనికిమాలిన కాపలావాణ్ణయితే సరే. మంచి కాపలావాణ్ణి నిద్రపుచ్చితే దొంగలకి పండగే" అని ప్రయోగం ఆపించేశారు. ఆరింటినీ మందిచ్చి చంపి కాల్చేయాలని తీర్మానం. ఆ పని వకుళ మీద పడింది.

అయిదింటి పని అయింది. ఆరోది మూడు నెలల కూన. సూది పట్టుకున్న చెయ్యి దగ్గరికొస్తే ఆ చేతినే నాకింది. వకుళ దాన్ని టిఫిన్ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ఆ రోజు ఆమె మనసులో జాలి తప్ప వేరే లెక్కేం లేదు, అది నిజం. చార్వికి ఆయాసం తగ్గడం మొదలెట్టాక మాత్రం అనుమానం వచ్చి, పిల్ల ముక్కులోంచి దూదిపుల్లతో చీమిడి తీసి ప్రయోగశాలలో పరీక్షపట్టీ మీద పెట్టింది. తమ వైరస్‌ని మాత్రమే పట్టే పట్టీ అది. సన్నగా నీలిగీత పడింది. అత్తగారిది పెట్టింది, గీత. ఆ వైరస్ అంటకుండా సిబ్బందికి ముందే టీకా ఇచ్చారు కాబట్టి తనకి లేదు. ఊరికే గోల చేసే కాపలావాళ్ళున్న ఇల్లు తమది. జోకొట్టేవాడు దొరికితే ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీలుస్తున్నారు. పట్టీని చించి తొట్లో వేసి, నీళ్ళు వదిలేసింది.

*

ఫిబ్రవరి మొదటి వారంలో పాల పోలయ్య చనిపోయాడు.

ఇరవై ఏళ్ళుగా ఆ వీధికి పాలు పోసిన మనిషి. పోయే ముందురోజు పొద్దున్న కూడా సైకిలు తొక్కాడట. దగ్గు లేదు, జ్వరం లేదు. "ఒళ్ళు బరువుగా ఉందండీ, అంతే" అన్నాడట. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తులూ నీళ్ళోడిన స్పంజిలా ఉన్నాయి. వారం తిరిగేసరికి అప్పడాలమ్మే సన్యాసమ్మ అదే దారి పట్టింది. న్యుమోనియా అంటే దగ్గి దగ్గి పోతారు. ఈ దగ్గులేని న్యుమోనియా ఏమిటో అంతుపట్టక ఆసుపత్రివాళ్ళు శాంపిళ్ళు ప్రాణదకి పంపారు.

ఆ డబ్బా వకుళ బల్ల మీదికే వచ్చింది. మామూలు పరీక్షలు చేస్తే అందరి ముక్కుల్లోనూ ఉండే చిన్నాచితకా జలుబు క్రిములు బయటపడ్డాయి, అంతే. వాటికి మనిషి చావడు. తమ పట్టీ తీసి రెండింటి మీదా పెట్టింది. పోలయ్యది గీత. సన్యాసమ్మది గీత. ఆ పట్టీలు దాచేద్దామనుకునేలోపు వెనకాల రత్నంగారు నిలబడి ఉన్నారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో గొంతు పెంచి ఎరగని మనిషి ఆయన. ఇప్పుడూ పెంచలేదు.

"ఇది మనదే కదమ్మా?"

"మనదే సార్."

"మంచి కాపలావాణ్ణి నిద్రపుచ్చింది. మామూలు జలుబు లోపలికెళ్ళి ఇల్లు దోచేసింది. వీళ్ళకి దగ్గు ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. అరిచేవాడే లేడు." ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "వకుళా, ఆ ఆరు పిల్లుల్నీ దగ్గరుండి కాల్పించావు కదా?"

"ఆరూ సార్" అంది. ఆయన అడక్కుండానే "బూడిద కూడా నేనే పారబోశాను సార్" అని చేర్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే అదే. ఆయన గమనించలేదు. నమ్మకం ఉన్నచోట మనిషి కళ్ళు సగం మూసుకునే చూస్తాడు.

"అయితే ఆ ఆరూ ఉన్నప్పుడే గదిలోంచి బయటికెళ్ళి ఉండాలి. వీళ్ళు ఎక్కడెక్కడ తిరిగారో కనుక్కోవాలి. నువ్వు కూడా మీ జగన్నాథపురం వైపు కాస్త వాకబు చెయ్యి."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. వకుళ విషయంలో ఒక్క అక్షరమే తేడా.

బస్సులో కిటికీ పక్కన కూచుని ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది. పిల్లి దగ్గర, మూసిన గదిలో, పావుగంట పైగా ఉంటేగాని ఇది అంటదని ప్రయోగాల్లో తేలింది. పోలయ్య పాలు పోసి వెళ్ళిపోతాడు, రెండు నిమిషాలు. సన్యాసమ్మ అప్పడాల కట్ట ఇచ్చి వెళ్ళిపోతుంది, మూడు నిమిషాలు. ఇస్త్రీ మరిడయ్య రోజూ వస్తాడు, గుండ్రాయిలా ఉన్నాడు. మా బుడంకాయే అయితే ముందు వాడికి రావాలి కదా. కాదు, మాది కాదు. ఎక్కడో ఇంకేదో పిల్లి. ఇంటికి చేరేసరికి సగం నమ్మేసింది కూడా.

*

ముందుగదిలో సుభద్ర టీచరు ఉంది. చార్వి క్లాసు టీచరు, పక్కవీధే. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి, నవ్వుతూ తప్ప మాట్లాడదు.

"మీ అమ్మాయిని నాలుగువందల మీటర్ల పరుగుకి ఎంపిక చేశామండీ. సంతకం కోసం వచ్చాను. కిందటేడు మెట్లెక్కలేక క్లాసు కిందికి మార్పించుకున్న పిల్లేనా అని మా హెడ్‌మాస్టరుగారు ఒకటే ఆశ్చర్యం."

వకుళ సంతకం పెట్టింది. పెడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరు కాగితం మడిచి, "వెళ్ళొస్తానండీ" అని లేచి, చెప్పులేసుకుంది.

స్టాండు మీంచి బుడంకాయ తుమ్మింది. ఒక్కటే.

"ఆగమ్మా, ఆగు!" పేరంటాలమ్మగారు వంటింట్లోంచి చెంబుతో సహా వచ్చేశారు. "పెళ్ళి కావాల్సిన పిల్లవి, ఒంటి తుమ్ముకి గడప దాటతావా? కూచో. గుక్కెడు మంచినీళ్ళు తాగు. ఆ తలుపు కూడా దగ్గరికెయ్యి, వీధిగాలి తగలకూడదు."

టీచరు నవ్వుతూ కూచుంది. తలుపు మూశారు. పిల్లి స్టాండు దిగి, ఒళ్ళు విరుచుకుని, ఖాళీగా కనబడ్డ ఒళ్ళోకి ఎక్కేసింది. "అబ్బ, ఎంత బాగుందండీ!" అని టీచరు దాని బుగ్గలు పట్టుకుని మొహానికి దగ్గరగా తీసుకుంది. ఊరికే కూచోబెడితే బాగోదని పేరంటాలమ్మగారు టీచరు ఊరూ పేరూ, అమ్మానాన్నా, అన్నావదినా అందరినీ అడగడం మొదలెట్టారు. గోడ మీద గడియారం ముల్లు పది నిమిషాలు, పదిహేను, ఇరవై దాటింది. వకుళ పిల్లిని లాగేయాలని లేచింది, లాగితే ఎందుకంటారు, ఏం చెప్పాలి? మళ్ళీ కూలబడింది.

టీచరు వెళ్ళాక అడిగింది. "అత్తయ్యా, పోలయ్యని కూడా ఇలాగే కూచోబెట్టారా ఎప్పుడైనా?"

"ఎప్పుడైనా ఏంటి, ఎన్నిసార్లో! పాపం ఆ సైకిలు మీద లారీల మధ్య తిరిగే మనిషి. శకునం చూడకుండా పంపుతానేంటి?"

"సన్యాసమ్మని?"

"ఆవిడకి మజ్జిగ కూడా ఇచ్చాను. అరగంట కూచుంది."

"మరిడయ్యని?"

"వాడి మొహం, వాడు గేటు దాటి లోపలికొస్తేగా! బట్టలు అక్కణ్ణించే అందుకుంటాడు. వాడికి పిల్లులంటే పడదు." ఆవిడ ఆగి, కోడలి మొహంలోకి చూశారు. "ఏంటమ్మా అలా ఉన్నావు?"

వకుళ ఏమీ లేదంది. ఆ పెద్దావిడ ఎవరికీ కీడు జరగకూడదనే ఒక్కొక్కరినీ పట్టి కూచోబెట్టింది. ఆ కూచోబెట్టడమే కీడయిందని ఆవిడకి ఏ నోటితో చెప్పడం? మర్నాడే పిల్లిని రత్నంగారికి అప్పగిద్దామని గట్టిగా అనుకుంది. మర్నాడు పొద్దున్న చార్వి పరుగు ప్రాక్టీసుకి షూ లేసులు కట్టుకుంటుంటే చూసి, పరుగుపందెం అయ్యాక చూద్దాంలే అనుకుంది. బుడంకాయని వెనకగదిలో పెట్టి గొళ్ళెం వేసింది. ఇక ఎవరూ రారు, ఎవరికీ అంటదు, పిల్లకి మాత్రం ఊపిరి ఉంటుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ లోకమంతా చీకటే అనుకుంటుందట. తల్లులు కూడా అప్పుడప్పుడూ అంతే.

పరుగులో చార్వి రెండోది వచ్చింది. బహుమతి ఇవ్వాల్సిన సుభద్ర టీచరు ఆ రోజు బడికి రాలేదు.

*

ఆసుపత్రి మంచం మీద టీచరు దిండుకి ఆనుకుని కూచుని ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం.

"నాకేం లేదండీ! దగ్గు కూడా లేదు చూడండి. వీళ్ళే అనవసరంగా కంగారు పడుతున్నారు" అని నవ్వింది. "మన పిల్ల రెండో స్థానమటగా! నేనుంటే మొదటిది వచ్చేది, గట్టిగా అరిచేదాన్ని."

దుప్పటి మీద పెట్టిన ఆమె వేళ్ళు వకుళకి కనబడుతున్నాయి. గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆ రంగు వకుళ ఇంతకుముందు చూసిందే. అవతల వరండాలో టీచరు తల్లి స్టీలు టిఫిను ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. వకుళ ఆవిడ పక్కన అయిదు నిమిషాలు కూచుంది. ఆవిడ "మీరు మా అమ్మాయి స్నేహితులా?" అని అడిగింది. అవునని చెప్పి వచ్చేసింది. ఆ అబద్ధం మాత్రం ఆమె గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి కూతుర్ని వెనకగదిలో కూచోబెట్టుకుని, పిల్లి రక్తంలో దీనికి విరుగుడు ఉంటుందన్న సంగతితో సహా అంతా చెప్పింది. పదకొండేళ్ళ పిల్లకి ఎంత అర్థమవుతుందో అనుకుంది గాని, చార్వి మధ్యలో ఒక్క ప్రశ్న వేయకుండా విన్నది. పిల్లి దాని మోకాళ్ళ మీద నిద్రపోతోంది.

"బుడంకాయ వెళ్ళిపోతే నాకు మళ్ళీ ఆయాసం వస్తుందా?"

"రావచ్చు నాన్నా. మూడు వారాల్లో నీలోంచి అది పోతుంది. తర్వాత రావచ్చు."

"ఉంచుకుంటే ఇంకెవరైనా చచ్చిపోతారా?"

"పోవచ్చు."

"దీని రక్తంతో టీచర్‌కి మందు చేయచ్చా?"

"రత్నం సార్ చేయగలరు."

చార్వి చాలాసేపు పిల్లి వీపు నిమిరింది. తర్వాత తనే లేచి, అటక మీంచి మూతబుట్ట దింపి, లోపల తన పాత స్వెట్టరు పరిచి, పిల్లిని అందులో పెట్టింది. మూత వేసేటప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకుంది. వకుళకి ఆ క్షణంలో కూతురంటే గర్వమూ, తనంటే అసహ్యమూ ఒకేసారి కలిగాయి.

ప్రయోగశాలలో రత్నంగారు బుట్ట మూతెత్తి చూశారు. మూసేశారు. ఆమెకేసి చూడకుండా మాట్లాడారు.

"ఇద్దరు పోయారు వకుళా."

"తెలుసు సార్."

"తెలిసి చేశావు. నేను పైవాళ్ళకి చెబుతాను, పోలీసులకీ చెబుతాను. చెప్పక తప్పదు. ముందు ఆ టీచరమ్మని బతికించుకోనీ." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "పిల్లని బడి మాన్పించక్కర్లేదు. మనుషుల్లో ఇది నిలవదు, మనిషి నుంచి మనిషికి పోదు. పాపం, దానికి ఆయాసం తిరగబెడితే నాకు ఫోన్ చెయ్యి, మంచి డాక్టరు ఉన్నాడు."

కుందేళ్ళని చూసి ఆ మాట అన్నారాయన. ఇంట్లో చార్వి పిల్లితో ఒకే పక్కలో ఏడాదిపాటు పడుకుంది. ఏ కుందేలూ అలా పడుకోలేదు. ఆ సంగతి ఆయనకీ తట్టలేదు, ఆమెకీ తట్టలేదు.

*

టీచరు బతికింది. బుడంకాయ రక్తంలోంచి తీసిన మందు పని చేసింది. నాలుగో రోజున ఆమెకి మొదటిసారి దగ్గు వచ్చిందని విని ఆసుపత్రంతా సంబరపడింది. వకుళ ఉద్యోగం పోయింది, కేసు నడుస్తోంది. రిగ్గు మీంచి దాసు రోజూ ఫోన్ చేసి మొదట తిట్టేవాడు, తర్వాత ఊరుకున్నాడు. పేరంటాలమ్మగారు విషయం విన్న రోజునుంచి దేవుడి గదిలోంచి ఎక్కువగా బయటికి రావడం లేదు. ఎవరైనా తుమ్మితే చెవులు మూసుకుంటున్నారు.

వకుళ అలమర దులిపి ఇన్హేలరు తీసి పెట్టింది, కొత్త నెబ్యులైజరు కొంది. మూడు వారాలు క్యాలెండరులో ఒక్కో తేదీ కొట్టేస్తూ కూచుంది. ఇరవై రెండో రోజు దాటింది. ముప్ఫయ్యో రోజు దాటింది. చార్వి రోజూ బడికి పోతోంది, పరుగెడుతోంది, అరుస్తోంది, ఛాతీలో చిన్న ఈల కూడా లేదు. వకుళ దేవుడికి దండాలు పెట్టుకుంది. అమాయకురాలు, సంతోషించింది కూడా.

ముప్ఫై అయిదో రోజు సాయంత్రం చార్వి బడినుంచి వచ్చి బ్యాగు పడేస్తూ, "ఇవాళ మా బెంచీలో నేనొక్కదాన్నేనమ్మా. సాత్వికా రాలేదు, రెహానా రాలేదు" అంది.

"ఏం, జ్వరాలా?"

"జ్వరం లేదట. దగ్గు కూడా లేదట. ఊరికే నీరసమట. అదృష్టవంతులు, లెక్కల పరీక్ష తప్పించుకున్నారు."

వకుళ చేతిలో పాలగిన్నె ఉంది. దాన్ని పొయ్యి మీద పెట్టి, పొయ్యి వెలిగించకుండానే గదిలోకి వెళ్ళింది. బీరువాలో అట్టడుగున మిగిలిన పాత పట్టీ ఒకటి వెతికి తీసింది. కూతుర్ని పిలిచి ముక్కులో దూదిపుల్ల తిప్పింది. "అమ్మా, చక్కిలిగిలి!" అని నవ్వి పారిపోయింది పిల్ల.

గీత పడడానికి అయిదు నిమిషాలు కావాలి. నిమిషం కూడా పట్టలేదు. ముదురు నీలంగా, లావుగా పడింది. అంత లావు గీత ఆమె పిల్లుల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

ఈసారి పట్టీని చించలేదు. ఫోన్ తీసి రత్నంగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతలినుంచి సముద్రపు గాలి హోరు ఒకటే వినబడింది.

"దానిలో స్థిరపడిపోయిందమ్మా" అన్నారు చివరికి. ఆయన గొంతు ముసలిదైపోయింది. "పిల్లుల్లో లాగే."

"అయితే ఎన్నాళ్ళు సార్ ఇది?"

"తలుపులేసుకో. పాపని బయటికి పంపకు. నేను మనుషుల్ని తీసుకుని గంటలో వస్తాను. ఈలోపు ఒక్క పని చెయ్యి. క్లాసులో దాని దగ్గర కూచునేవాళ్ళెవరో, కలిసి తినేవాళ్ళెవరో, బస్సులో పక్కనుండేదెవరో పేర్లు కావాలి. ఒక్క పేరు కూడా పోకూడదు. ఎందుకని మాత్రం పిల్లకి ఇప్పుడే చెప్పకు, బెదిరిపోతుంది. మెల్లిగా అడుగు."

వకుళ వీధి తలుపు గొళ్ళెం పెట్టింది. కాగితం, పెన్నూ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. చార్వి నేల మీద బోర్లా పడుకుని బొమ్మ గీసుకుంటోంది.

"నాన్నా, నీ స్నేహితుల పేర్లు చెప్పవే. బెంచీలోవాళ్ళు, కలిసి అన్నం తినేవాళ్ళు, అందరివీ."

పిల్ల చటుక్కున లేచి కూచుంది. మొహం చేటంత అయింది. "పుట్టినరోజుకి పిలుస్తావా? నిజంగా? అందర్నీ?" దాని పుట్టినరోజు ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. పిల్లకి ఎప్పుడూ ఎవరినీ పిలవలేదు. ఆయాసంతో మంచాన ఉండే పిల్లకి స్నేహితులెక్కడివి? ఈ ఏడాదే ఏర్పడ్డారు.

వకుళ తల ఊపింది.

"సాత్విక, రెహానా. వాళ్ళిద్దరూ ఫస్టు. తర్వాత జాయిస్, లోహిత. మేం అయిదుగురం ఒకే క్యారేజీలో తింటాం. కవలలిద్దరు ఉన్నారు చూడు, వాళ్ళు. బస్సులో హాసిని, వాళ్ళ చెల్లి. జాయిస్ వాళ్ళ తమ్ముణ్ణి కూడా రాయమ్మా, రెండేళ్ళ చిన్నోడు, సాయంత్రం వాళ్ళమ్మ గేటు దగ్గరికి తీసుకొస్తుంది, నేనే ఎత్తుకుంటాను రోజూ. వాడికి కేకంటే ప్రాణం. పరుగు టీమువాళ్ళు ఎనిమిది మంది. కబడ్డీవాళ్ళని పిలవకపోతే ఏడుస్తారు."

వకుళ రాస్తోంది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చార్వి తల్లి భుజం మీదికి వాలి, చెంపకి చెంప ఆనించి, రాసిన పేర్లన్నీ వేలితో ఒక్కొక్కటీ చూసుకుంది. ఎవరినీ మర్చిపోకూడదని దానికి ఎంత ఆత్రమో.

"ఇంకా చాలామంది ఉన్నారమ్మా. వెనక్కి తిప్పి రాయి."